పన్నెండు గదుల ఓడ

ఆ ఉదయం నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో పరమేశ్వర్ ఇంట్లో గొడవ ఒక బాతు దగ్గర మొదలైంది. అది ప్రాణమున్న బాతు కాదు. పరమేశ్వర్ స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలను మెలితిప్పి, మడతపెట్టి, మెడ నిలబెట్టి మంచం నడుమ కూర్చోబెట్టిన బాతు. కిందటేడు ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లివచ్చిన పెద్ద ఓడలో గదులు సర్దేవాళ్లు రోజూ ఇలాంటి బాతులు చేసి పెట్టేవారు. ఆయన ఆ విద్య నేర్చుకున్నాడు. వాళ్లు పొడి తువ్వాలతో చేసేవారన్న సంగతి మాత్రం ఓడలోనే వదిలేసి వచ్చాడు.

"దుప్పటి మల్ల నానింది," అంది గంగమణి. "బాతుకు నీళ్లుండాలె, నిజమే. గని గవి నా మంచం మీదనే ఉండాల్నా?"

"దీన్ని కళ అంటరు. పెద్ద ఓడ ఎక్కొచ్చినా నీకు తెల్వకపాయె."

"పొద్దుపొద్దుగాల ఆ పెద్ద ఓడ పేరు తియ్యకుండ్రి."

తీయకూడదనడానికి కారణముంది. ఆ ఓడలో మూడు వేల మంది ప్రయాణికులు. లిఫ్టు ముందు వరుస, ఇడ్లీ ముందు వరుస, ఈత కొలను ముందు వరుస. రెండో రోజు పరమేశ్వర్ జిలేబీ తెస్తానని లేచి వెళ్లి తిరిగి రాలేదు. వెతకడానికి బయలుదేరిన గంగమణికి ప్రతి అంతస్తూ ఒకేలా, ప్రతి తలుపూ ఒకేలా కనిపించింది. తమ గదే అనుకుని ఎవరి గదికో కార్డు పెట్టి గీకితే లోపలివాళ్లు కాపలావాణ్ణి పిలిచారు. ఆ తరువాత తిరిగి తిరిగి, ఓడ వెనక భాగంలో ఒక కుర్చీలో కూలబడింది. తెల్ల చొక్కా వేసుకున్న పనివాడొకడు అడగకుండానే చాయ తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు. ఆమె చాయ తాగుతూ సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక చుట్టాలందరికీ ఆమె ఇదంతా "మూడు గంటలు తప్పిపోయిన" అని ఒక్క మాటలో, కోపంగా చెప్పేది. చాయ సంగతి చెప్పేది కాదు.

అందుకే ఈ ఏడు చిన్న ఓడ. ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీ ఉద్యోగం చేసే చిన్న కూతురు సింధూజ వెతికి పట్టింది. కలకత్తా నుంచి గంగానది మీద ఎగువకు పోతుంది. పన్నెండే గదులు. మెల్లగా నడుస్తుంది, దారిలో ఊళ్ల దగ్గర ఆగుతుంది, అందరికీ కలిపి ఒకటే భోజనాల గది. తప్పిపోదామన్నా చోటు లేదు. టికెట్ల పని ఊళ్లో యాత్రలు పంపే శాంతికుమార్‌కు అప్పజెప్పారు. ఆ ఉదయం గంగమణి చేయవలసింది అతనికి ఆధార్ కార్డులు పంపడం. పరమేశ్వర్ చేయవలసింది ఎవరికీ చెప్పకపోవడం.

"మనమిద్దరమే," అంది గంగమణి, దుప్పటి మారుస్తూ. "ఆరు రోజులు ఎవ్వలకు చాయ పెట్టేది లేదు, ఎవ్వల మందు గోలీలు యాది చేసేది లేదు. వచ్చినంక చెప్దాం అందరికి."

"నేనెవ్వలకు చెప్త? నా నోటికి తాళమున్నది," అన్నాడు పరమేశ్వర్.

ఆ తాళం బోధన్‌లో తెరుచుకుంది.

బోధన్‌లో ఆయనకు చెరుకు రైతులకు మోటార్లు, డ్రిప్పు పైపులు అమ్మే దుకాణముంది. పైపు జాయింటు కోసం వచ్చిన హన్మాండ్లు ఊరికే కూర్చోలేక అడిగాడు.

"గీ ఏడు గూడ పెద్ద ఓడేనా అన్నా?"

"లేదు తమ్మి. గీసారి చిన్నది. పన్నెండు రూములది."

హన్మాండ్లు ఆలోచనలో పడ్డాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పద్ధతి ఒకటుంది. బస్సూ రైలూ పెద్దవి, వాటిలో టికెట్టు తీసుకుని ఎక్కుతారు. జీపూ టెంపో చిన్నవి, వాటిని మొత్తంగా మాట్లాడుకుని బాసరకో కొండగట్టుకో పోతారు. మొత్తంగా మాట్లాడుకున్నవాళ్లు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి చుట్టాలను పిలుస్తారు. బండిలో ఒక్క సీటు ఖాళీగా పోయినా ఆ ఇంటికి నా అన్నవాళ్లు లేరని లెక్క. యాత్రకు పోయే చిన్న బండిలో ఇద్దరికి మాత్రం టికెట్టు తీసుకున్న మనిషి గురించి బోధన్‌లో ఎవరూ వినలేదు.

"అంటె ఓడ మొత్తం నువ్వే మాట్లాడినవన్నట్టు!" అన్నాడు హన్మాండ్లు.

పరమేశ్వర్ కాదని చెప్పడానికే నోరు తెరిచాడు. అదే క్షణంలో దుకాణంలో ఉన్న మిగతా రైతులందరూ పైపులు కింద పెట్టి ఆయన వైపు చూశారు. ఇన్నేళ్లలో ఎవరూ ఆయనను అలా చూడలేదు. ఆయన నోరు మూసుకుని, చిన్నగా నవ్వి, అందరికీ చాయ చెప్పాడు.

మధ్యాహ్నం గంగమణి బియ్యం ఏరుతుండగా మోస్రా నుంచి ఫోను వచ్చింది. పరమేశ్వర్ అక్క, శంకరమ్మ.

"గంగమణీ, నేను సచ్చిన్ననుకున్నరా మీరిద్దరు?"

"అయ్యో, ఏమైంది వదినె?"

"గంగకు పోతున్నరట. ఓడ మొత్తం మాట్లాడిండ్రట. పన్నెండు అర్రలట. అండ్ల ఆడిబిడ్డకు ఒక్క అర్ర లేకపాయెనా?"

గంగమణి చేతిలోని చాట ఒరిగి సగం బియ్యం నేల మీద పడ్డాయి. "ఓడ మాది కాదు వదినె! మావి రెండు టికెట్లే…"

"పన్నెండు అర్రలల్ల ఇద్దరే పోతరా? దయ్యాలు తిరుగుతయి. నేను బట్టలు సదురుతున్న." ఫోను ఆగిపోయింది.

సాయంత్రం పరమేశ్వర్ చెప్పులు విప్పకముందే గంగమణి గుమ్మంలో నిలబడింది.

"ఎవ్వలకు చెప్పిండ్రు?"

"నేనేం చెప్పలె. వాళ్లనుకున్నరు."

"మరి కాదని చెప్పకపోయిండ్రా?"

"చెప్దమనుకునేలోపల చాయ వచ్చింది." ఆయన గొంతు తగ్గించాడు. "అక్క ఫోన్ల ఏడ్చిందే. నేనేమనాలె? రమ్మన్న. ఊకె కాదు, వాళ్ల టికెట్లు వాళ్లే తీసుకుంటరు. శాంతికుమార్ నంబరిచ్చిన."

"నంబరు గూడ ఇచ్చిండ్రా!" అంది గంగమణి.

అక్కను పిలిచాక బాల్కొండ వియ్యంకులను పిలవకుండా ఉండటం కుదరదు. పెద్ద కూతురు శ్రీవాణిని ఇచ్చిన ఇల్లు అది. వియ్యంకుడు రాజారాం కోపం తెలియని మనిషి. ఫోను చేసి, పంట గురించి, ఎండల గురించి మాట్లాడి, పెట్టేసే ముందు మాత్రం, "మేము బయటోళ్లమే కద బావా, మాకెట్ల తెలుస్తది," అన్నాడు. ఆ రాత్రి పరమేశ్వర్ అన్నం సరిగా తినలేదు. తెల్లారి వాళ్లకూ నంబరు ఇచ్చాడు. వాళ్లకు ఇచ్చాక ఇందల్వాయిలోని చిన్నాయనకు ఇవ్వాలి, చిన్నాయనకు ఇచ్చాక గంగమణి సొంత తమ్ముళ్లు ఊరుకోరు. అందరూ చెప్పింది ఒకటే మాట. గంగాస్నానం ఎట్లాగూ బాకీ ఉంది, మనవాళ్ల ఓడే ఉండగా రైల్లో పోవడమెందుకు?

"ఓడ మనది కాదు మామయ్యా," అని సింధూజ ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పి చూసింది.

"మాకెరుకే బిడ్డా," అన్నారు ఒక్కొక్కరూ. "దిష్టి తగుల్తదని గట్లనే చెప్పాలె."

వారం తిరగకుండా శాంతికుమార్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. మెదక్ చర్చికీ జెరూసలేముకూ మనుషులను పంపుతూ ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నా, అంత సంతోషంగా అతణ్ణి ఎవరూ చూడలేదు.

"అన్నా, ముబారక్! పన్నెండు రూములు ఖతం. ఓడ మొత్తం మనదే! బయటి మనిషి ఒక్కడు లేడక్కా, అంతా మీవోళ్లే!"

ధైర్యం చెబుతున్నట్టుగా అన్నాడా మాట. గంగమణి తలుపు చెక్క పట్టుకుంది.

"మొత్తం ఒక్కటే గుంపు కాబట్టి ఏదన్న పేరు పెట్టమన్నరు ఓడ కంపెనోళ్లు. 'పరమేశ్వర్ పరివారం' అని రాయించిన. ఎక్కే కాడ బ్యానర్ గూడ కడ్తరట. వంట గూడ మనం ఎట్ల చెప్తె గట్ల."

పరమేశ్వర్ పెదవుల మీద బోధన్ దుకాణంలో పుట్టిన ఆ చిన్న నవ్వే మళ్లీ వచ్చింది. భార్య ముఖం చూసి దాన్ని మిఠాయితో కప్పేశాడు.

ఆదివారం అందరూ మాట్లాడుకోవడానికని పరమేశ్వర్ ఇంట్లో భోజనానికి చేరారు. ఎవరు ఏ గదిలో అన్నది తేలాలట. అందరికంటే ముందు శంకరమ్మ భర్త సాయన్న దిగాడు. అతని వెనక బొలెరో నుంచి ఒక మేక కూడా దిగింది.

"ఇదెందుకు మామయ్యా?" అంది సింధూజ.

"ఓడ ఎక్కేటప్పుడు గంగమ్మకు యాటను ఇయ్యద్దా? ఉత్త చేతులతోని ఎక్కుతరా ఎవలన్న?"

"కలకత్తాకు విమానంల పోతున్నం! యాటను ఎక్కనిస్తరా?"

"గందుకే రైలుకు పోదమంటున్న," అన్నాడు సాయన్న, మేకను కరివేపాకు చెట్టుకు కడుతూ. అప్పటికే రాజారాం రైళ్ల వేళలు కనుక్కుని వచ్చాడు. గంగమణి కిటికీలోంచి చూసేసరికి కరివేపాకు చెట్టు సగమే ఉంది.

హాలులో చాపలు పరిచి బంతి వేశారు. పప్పు రెండో మారు తిరుగుతుండగా వంట సంగతి వచ్చింది.

"గా దిక్కు కూరలల్ల ఆవనూనె పోస్తరట బావా," అన్నాడు రాజారాం మెల్లగా. "మాకు పడ్తదో పడదో."

"ఆవనూనెనా!" శంకరమ్మ ముద్ద ఆకులోనే వదిలేసింది. "ఆ వంటాయన్ను దింపెయ్యుండ్రి. మన గంగమణి ఉండంగ వంటాయన ఎందుకు? ఆమె చెయ్యి వడ్తె ఉత్త పప్పు గూడ అమృతమే. ఇరువై నాలుగు మందంటె ఎంత? దసరాకు చెయ్యదా?"

అందరూ గంగమణి వంటను పొగిడారు. తమ్ముళ్లు పొగిడారు, చిన్నాయన పొగిడాడు, రాజారాం పొగుడుతూనే పొద్దున అల్పాహారం ఎన్ని గంటలకని రెండుసార్లు అడిగాడు. గంగమణి పప్పు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆరు రోజులు. నది మీద. పన్నెండు గదులు. వంటగది మాత్రం ఒకటే, అది తనది.

అప్పుడు బంతి చివర నుంచి సాయన్న తండ్రి కొమురయ్య తల ఎత్తాడు. "గదంత మంచిగనే ఉన్నది గని, నేనెక్కడ పండుకోవాలె?"

వేళ్లు మడిచి లెక్క చూశారు. నిజమే, గదులన్నీ నిండాయి. ముసలాయనను ఎవరూ లెక్కలో వేయలేదు.

"దాంట్లేమున్నది," అంది శంకరమ్మ. "తమ్ముని అర్రల కింద సాప ఏసుకుంటడు. మా మామ గురక వెడ్తడు, నడిరాత్రి లేసి ముచ్చట చెప్తడు గని, మనిషి మంచోడు."

పరమేశ్వర్ ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. ఆయన మొదటిసారి నిజంగా భయపడి భార్య వైపు చూశాడు. ఆమె అక్కడ లేదు.

గంగమణి పెరుగు తేవడానికి వెళ్లింది. వంటగదికి పోయే దారిలో పడకగది తలుపు తెరిచి ఉంది. ఆ పొద్దున మార్చిన దుప్పటి మీద, మంచం నడుమ, బాతు. చుట్టూ తడి. ఆమె దాన్ని కొంతసేపు చూసింది. దాని వెంటే పెద్ద ఓడ, దాని వెనక కుర్చీ, అడగకుండా వచ్చిన ఆ చాయ గుర్తొచ్చాయి. ఆ మూడు గంటల్లో ఒక్కరూ తనను పేరు పెట్టి పిలవలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. కోపం ఎంతకాలం నుంచి తప్పు చోట పెట్టుకుందో తెలిసి ఆమే నివ్వెరపోయింది. పెరుగు గిన్నె తీసేముందు శాంతికుమార్‌కు ఫోను చేసింది. అతను రెండుసార్లు "అక్కా, నిజంగనేనా?" అన్నాడు.

తిరిగివచ్చి కొమురయ్య ఆకులోనే మొదట పెరుగు వడ్డించింది.

"మామకు సాప ఎందుకు? మంచమే ఇద్దం. నా జాగల ఆయన పండుకుంటడు."

"మరి నువ్వు?" అన్నాడు పరమేశ్వర్.

"నేను ఈ ఓడకు వస్తలేను. గా వారంలనే ముంబై నుంచి పెద్ద ఓడ ఉన్నదట. దానికి పోతున్న. శాంతికుమార్‌కు ఇప్పుడే చెప్పిన."

బయట మేక నమలడం కూడా వినిపించింది.

"పెద్ద ఓడనా!" అన్నాడు పరమేశ్వర్. "నువ్వు మల్ల తప్పిపోతవే!"

"గందుకే పోతున్న."

"ఒక్కదానివేనా?" శంకరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఒక్కదాన్నెట్లయిత వదినె? మూడు వేల మందుంటరు."

"అయితె నేను గూడ నీతోనే వస్త," అన్నాడు పరమేశ్వర్ గబగబా.

"మీరెట్లొస్తరు? ఓడ మాట్లాడినోళ్లు మీరు. బ్యానర్ మీద పేరు మీది. మీరు లేకుంటె గా ఓడ కదుల్తదా?" ఆమె ఆయన ఆకులో పెరుగు వేసింది, ఎప్పటికంటే ఒక గరిటె ఎక్కువే.

"గంగమణీ, మరి వంట?" అంది శంకరమ్మ, నెమ్మదిగా, అసలు ప్రమాదం అప్పుడే అర్థమవుతున్నట్టు.

"మీ తమ్ముడున్నడు కద వదినె. ఓడల నేర్పే విద్యలన్ని ఆయనకు ఎరుకే."

సింధూజ నవ్వాపుకోలేక నీళ్ల చెంబు తెచ్చే వంకతో లేచిపోయింది. కొమురయ్య ఒక్కడే సంతోషంగా పెరుగన్నం కలుపుతూ, "మనిద్దరికి మంచి కాలక్షేపమైతది పరమేశ్వరూ," అన్నాడు.

ఆ సాయంత్రం పరమేశ్వర్ తువ్వాల చాలా నెలల తరువాత తీగ మీద, తువ్వాలలాగే ఆరింది.