దంతవైద్యురాలి చుబుక సంగ్రామం

తూర్పుదిక్కు ఇంకా పళ్లు తోముకోని వేళ, పాలప్యాకెట్లు గుమ్మాల ముందు చల్లని చెమటలు కక్కుతూ ఎదురుచూచు వేళ, నీళ్ల మోటారు మదగజంలా ఘీంకరించి మేడ మీది ట్యాంకును నింపు వేళ, మూడో అంతస్తులోని ఒకానొక స్నానాలగదిలో, ఆవిరి పట్టిన అద్దాన్ని వామహస్తంతో తుడిచి, సందంశమను నామాంతరం గల ప్లకర్‌ను దక్షిణహస్తాన ధరించి, చుబుకాన్ని గగనాభిముఖంగా ఎత్తి, ఒంటికన్ను మూసి నిలిచిన ఆ వీరనారి ఎవరు? చెబుతాను. తొందరపెట్టకండి. వీరగాథ అన్నాక నాయికను నిలబెట్టి కాసేపు వర్ణించాలి. అది మా వృత్తిధర్మం.

ఆమె దంతవైద్యకులతిలక. పుచ్చుపళ్ల పాలిటి ప్రళయకాల ఝంఝ. జ్ఞానదంతోన్మూలన ధురంధర. తలుపులో పట్టని పహిల్వాన్లు సైతం ఆమె కుర్చీలో వెల్లకిలా పడుకుని, ఆమె "కొంచెం నోరు తెరవండి" అనగానే పసిపాపలై కళ్లు గట్టిగా మూసుకునేవారు. అట్టి అప్రతిహత పరాక్రమశాలినికి లోకంలో ఒకే ఒక్క శత్రువర్గం ఉండేది. అది ఆమె గడ్డం కిందే కాపురముండేది.

నల్లనివి, బిరుసువి, చిటికెలో పట్టేటన్ని వెంట్రుకలు. ఓస్, ఇంతేనా అంటారేమో. అనండి. మీ గడ్డం కాదుగా. ఉదయం సమూలంగా పెరికివేయబడిన ఆ దుర్వృత్తులు, రెండు రోజులు తిరక్కుండానే, ఓడిన రాజులు అడవుల్లో సేనలు కూర్చుకుని మళ్లీ కోట మీద పడినట్టు, చర్మపు ప్రాకారాన్ని చీల్చుకుని నిటారుగా లేచి నిలిచేవి. చదువుకునే రోజుల నుంచీ ఈ యుద్ధం రోజూ జరుగుతోంది, రోజూ ఆమే గెలుస్తోంది, అయినా రోజూ ఆమే అలసిపోతోంది.

ఆమె ముఖకవచం మాస్కు. వైద్యశాలలో అడుగుపెట్టేముందు కట్టిన ఆ కవచం ఇంటికి చేరేదాకా ఎవరి ముందూ దిగేది కాదు. మధ్యాహ్నం పూట సామాన్లు శుభ్రం చేసే గదిలో బల్ల చుట్టూ చేరి రిసెప్షనిస్టూ సిస్టరూ డబ్బాలు విప్పుకుని భోంచేస్తుంటే, ఈమె మాత్రం ఎక్స్‌రే గదిలోకి వెళ్లి, గడియ వేసుకుని, కొక్కేనికి వేలాడే సీసపు ఏప్రన్ పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక్కతే తినేది. ఆ గది తలుపు కిరణాలను ఆపగలదు గానీ నవ్వులను ఆపలేదు. అవతల వాళ్లు దేనికి నవ్వుతున్నారో తెలియక, అడగలేక, ఆమె గబగబా నాలుగు ముద్దలు మింగి లేచేది.

ఒకనాడు ఆ తలుపు సందులోంచే రిసెప్షనిస్టు మాట వినబడింది. "మన మాస్కు మహారాణిగారు మనతో తింటే అరిగిపోతారేమో."

ఈ వాక్యం శత్రుశరంలా వచ్చి ఆమె గుండెలో దిగింది. శూరులకు కోపం రావాలని శాస్త్రం, ఈమెకు ఏడుపొచ్చింది. పొగరు లేని మనిషిని పొగరుబోతు అంటే కలిగే బాధ పన్నునొప్పికంటే ఎక్కువని నేను పందెం కాస్తాను.

ఆ వారంలోనే, ఆమెకు కుడిభుజమై, నీటి గొట్టమూ లాలాజల గొట్టమూ ఏకకాలంలో ప్రయోగించు నైపుణ్యంతో కుర్చీ పక్కన ఏళ్ల తరబడి స్టూలు మీద కూర్చున్న సిస్టరు, పనిముట్లు తుడుస్తూ తుడుస్తూ అంది. "వచ్చే నెల మానేస్తున్నా మేడం. మోకాళ్లు ఇంక నావల్ల కాదంటున్నాయి."

"అదేంటి సిస్టర్, ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి కాదులెండి. మీకు చెప్పడానికి నోరు రాలేదు. ఒక్కటే అడుగుతా, కాదనకండి. వెళ్లే రోజు మాతో కూర్చుని అన్నం తినండి. ఇన్నేళ్లు పనిచేశాను, మీరు తింటుంటే ఒక్కసారీ చూళ్లేదు."

"తప్పకుండా," అని ఆమె నోరు జారింది. వీరులు చెయ్యకూడని పని ఏదైనా ఉంటే ఇదే: ఆలోచించకుండా ప్రతిజ్ఞ చేయడం. ఆ సాయంకాలం అద్దం ముందు నిలిచి ఆమె ఇట్లు పలికెను: "ఓ చుబుకారణ్యవాసులారా, నిత్యఖండిత పునరుత్థిత పాపాత్ములారా, మీ సమూల నిర్మూలనార్థం నేడే నేను అగ్నికంటే తీక్ష్ణమైన, మెరుపుకంటే వేగవంతమైన కాంతిఖడ్గాన్ని ఆశ్రయించుచున్నాను, కాచుకొనుడు."

నిజానికి ఆమె అన్నది "ఛీ, ఇంక చాలు" అని మాత్రమే. మిగతాది మేం కలుపుతాం.

కాంతిఖడ్గమనగా లేజరు. దానిని ఝళిపించు చర్మవైద్యురాలి ఆస్థానం రెండు వీధుల అవతల ఉంది. నాయిక అక్కడికి వెళ్లే రోజు పొద్దున్నే లేచి, దీపం వెలిగించి, భూతద్దం పెట్టి, మునుపెన్నడూ లేనంత ఉగ్రంగా శత్రుసంహారం కావించి, ఒక్క ప్రాణి కూడా మిగలకుండా పెరికి, గడ్డాన్ని గాజుబిళ్లలా చేసుకుని బయల్దేరింది. చుట్టాలు వస్తున్నారంటే ఇల్లు సర్దుకోమా, అలాగే.

చర్మవైద్యురాలు దీపం దగ్గరికి లాక్కుని, గడ్డాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "సమస్య ఎక్కడండీ?" అంది.

"ఇక్కడే. పొద్దున తీసేసుకుని వచ్చా."

"ఎందుకు తీసేశారు?"

"మరి అలాగే మీకెలా చూపించను?"

చర్మవైద్యురాలు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "చూడండి, ఈ వెలుతురుకి నలుపే ఆనవాలు. వెంట్రుకలో ఉన్న నలుపుని పట్టుకుని, వేడిగా మారి, కుదురు దాకా దిగుతుంది. కుదురు దెబ్బతింటే మళ్లీ మొలవడం తగ్గుతుంది. మీరేమో కుదుళ్లతో సహా పీకేసుకుని వచ్చారు. ఇప్పుడది దేన్ని పట్టుకుని దిగాలి?"

నాయిక పకపకా నవ్వింది. మాస్కు లోపల నవ్వు అలవాటైన మనిషి కదా, ఆ నవ్వు విని ఆమే ఉలిక్కిపడింది. "మా పేషెంట్లు ఇంతేనండీ. దారిలో నొప్పిబిళ్ల మింగేసి వచ్చి, ఇప్పుడు ఏ పన్నో తెలీట్లేదు మేడం అంటారు. ఉన్నదున్నట్టు రావచ్చుగా అని వాళ్ల మీద ఎంత అరుస్తానో. మీరు అరవండి, పడతాను."

"అరవనులెండి. ఒక నెల ప్లకర్ ముట్టుకోకండి. దారం వద్దు, వ్యాక్స్ వద్దు. కావాలంటే రేజర్‌తో గీసుకోండి, పైది పోయినా కుదురు లోపలే ఉంటుంది. ఇక్కడికి వచ్చే రోజు మాత్రం నున్నగా గీసుకుని రావాలి. ఎండలో తిరక్కండి."

"ఒక్కసారితో అయిపోతుందా?"

"అవదు. అన్నీ ఒకేసారి పెరగవు, కొన్ని నిద్రలో ఉంటాయి. నిద్రలో ఉన్నవాటికి దెబ్బ తగలదు. అవి లేచేదాకా ఆగి మళ్లీ కొట్టాలి, నెలకోసారి, చాలాసార్లు. అప్పటికీ మొత్తం పోతాయని నేను మాటివ్వను. బాగా పలచబడతాయి, అంతే. రక్తపరీక్ష రాస్తున్నా, హార్మోన్ల సంగతి కూడా చూద్దాం." ఇలా అని, చెవి కింద రవ్వంత చోట కాంతిని పరీక్షించి చూసి, నెల తరవాతి రోజొకటి ఇచ్చింది.

ఆ రోజు ఏమిటో మీరు ఊహించే ఉంటారు. సిస్టరు వెళ్లిపోయే రోజు. పొద్దున లేజరు, మధ్యాహ్నం భోజనం. వైద్యశాలలో మొదటిసారి నలుగురి ముందు ముఖకవచం విప్పాల్సిన నాటికే, శత్రువులు సజీవంగా, సకుటుంబంగా గడ్డంలో కొలువుండాలన్నమాట.

ఇక ఆ నెల. ఆ నెలను వర్ణించడానికి నాకు ఓపిక చాలదు, చుబుకారణ్యం మాత్రం ఏ ఓపికతో పనిలేకుండా వర్ధిల్లింది. ఆమె రేజరు చేతబట్టిన తొలినాడు, స్నానాలగది గుమ్మంలో ఆమె జనని సాక్షాత్కరించింది. కూతురికి పదహారో ఏట ప్లకర్ పట్టడం నేర్పిన గురువు కూడా ఈమే.

"గీస్తున్నావా? గీస్తే గుబురుగా వస్తాయే. మీ నాన్నని చూళ్లేదూ?"

"నాన్నకి గీసినా గీయకపోయినా వస్తాయమ్మా. గీస్తే కొస మొద్దుగా ఉంటుంది, అందుకని గుబురుగా అనిపిస్తుంది. అంతే."

"ఏమో తల్లీ. ఆడపిల్ల గడ్డం గీసుకోవడం నేనైతే వినలేదు." కాసేపు తలుపు గొళ్లెం ఆడించి, గొంతు తగ్గించి, "నాక్కూడా చేస్తారేమో కనుక్కోరాదూ?" అంది.

"నీవి తెల్లబడ్డాయి కదమ్మా. తెల్లవాటిని ఆ వెలుతురు చూడలేదు."

"ఈ ఇంట్లో నన్నెవరు చూశారు కనక," అంటూ జనని వంటింటి దిశగా నిష్క్రమించింది.

ఆ దినం రానే వచ్చింది. అద్దం. దీపం. గడ్డం మీద నల్లని నీడ, ఆ నీడలో వేయిముళ్ల వ్యూహం. అలమరలోని ప్లకర్ అపుడు నోరు విప్పెను. ఆయుధాలు మాట్లాడతాయా అని అడక్కండి, వీరగాథల్లో మాట్లాడతాయి. "ఓ స్వామినీ, నెలనాళ్లుగా నన్నెందుకు మరచితివి? ఒక్క గడియ నన్ను చేబూనుము. మధ్యాహ్నానికి నీ చుబుకం చంద్రబింబమగును. సిస్టరు చూచును, రిసెప్షనిస్టు చూచును, ఎవ్వరికీ ఏమీ తెలియదు. లేజరుకేమి, వచ్చే నెల పోవచ్చును."

చెప్పొద్దూ, ఆమె చెయ్యి వెళ్లింది. ప్లకర్‌ను తీసింది కూడా. ఒక వెంట్రుకను పట్టుకుంది. లాగితే ఈ పూట పరువు దక్కుతుంది, ఎప్పటిలాగే రేపు మళ్లీ ఈ అద్దం ముందే ఉంటుంది. ఆమెకు ఆ రేపు మీద అసహ్యం వేసింది. వెంట్రుకను వదిలేసి, వంటింట్లోకి నడిచి, "అమ్మా, ఇది నీ దగ్గరే ఉంచుకో, అడిగినా ఇవ్వకు," అంది.

"ఇలా తే. నా తెల్లవాటికి ఇదే దిక్కు," అంది జనని.

పిమ్మట రేజరు నడిచెను. తొందరలో ఒకచోట తెగెను. పిమ్మట చర్మవైద్యశాలలో నల్లని కళ్లజోడు, చల్లని జెల్లు, పిమ్మట కాంతిఖడ్గ ప్రహారం: రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు ఒక చురుక్కు, కాలిన వాసన, మరో చురుక్కు. "అయిపోయింది, ఇంకొక్కటే," అంది చర్మవైద్యురాలు. తన కుర్చీలో పడుకున్న వేలమందికి అదే మాట చెప్పిన దంతవైద్యకులతిలకకు, ఇంకా చాలా ఉన్నాయని వెంటనే అర్థమైంది.

యుద్ధం ముగిశాక అద్దంలో చూసుకుంటే శత్రువులు చర్మం కింద ఎక్కడివారక్కడే ఉన్నారు. పైపెచ్చు గడ్డం ఎర్రగా కందింది.

"ఇవి కొద్ది రోజుల్లో వాటంతటవే రాలతాయి. పీకకండి," అంది చర్మవైద్యురాలు.

మధ్యాహ్నమైంది. బల్ల మీద డబ్బాలు తెరుచుకున్నాయి. రిసెప్షనిస్టు ఆమె కోసం కుర్చీ జరిపి, అందులో కూర్చుంటుందన్న నమ్మకం లేక పక్కకి చూస్తోంది. సిస్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. దంతవైద్యురాలు గుమ్మంలో నిలబడింది. ఎక్స్‌రే గది నాలుగడుగుల దూరంలో ఉంది, తలుపు బార్లా తీసే ఉంది. చెవుల వెనక చేతులు పెట్టి, దారాలు తీసి, ముఖకవచాన్ని విప్పింది. కూర్చుంది.

ఎరుపు, నల్లనీడ, గాటు, అన్నీ కిటికీ వెలుతురులో ఉన్నాయి.

సిస్టరు తన డబ్బాలోంచి కూర తీసి ఆమె పళ్లెంలో వేస్తూ, మామూలుగా అంది. "గీసుకునేటప్పుడు తొందరపడ్డట్టున్నారు. తెగింది."

"మీకు... తెలుసా?"

"మీరు పైనుంచి వంగుతారు మేడం. నేను స్టూలు మీద కింద కూర్చుంటా. మాస్కు కిందినుంచి అన్నీ కనబడతాయి. మొదటి వారంలోనే చూశాను."

దంతవైద్యురాలి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయితే పేషెంట్లకి కూడా..."

"వాళ్లు కళ్లు మూసుకుంటారుగా."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం సిస్టర్?"

"మీరు దాచుకుంటున్నారు కదా. నేనూ దాచాను," అంది సిస్టరు. "ఈ పిల్లకి కూడా చెప్పలేదు. పొగరని అనుకుంటుంటే అనుకోనీ, గడ్డం సంగతి తెలియడం కంటే అదే మీకు నయమేమో అనుకున్నా."

రిసెప్షనిస్టు తల వంచుకుంది. తరవాత ఎత్తి, ఆమె మొహం వైపు తేరిపార చూసి, "మేడం, మీ పళ్లు ఎంత బావున్నాయో," అంది. "అందరికీ తోముకోవడం నేర్పుతారు, మీవి ఒక్కసారీ చూపించలేదు." "ఈ ఎరుపు పొద్దున చేయించుకున్న లేజరుది," అంది దంతవైద్యురాలు. రిసెప్షనిస్టు తన పై పెదవి తడుముకుంటూ, "ఆ లేజరు నాక్కూడా పనిచేస్తుందా?" అని అడిగింది.

"నల్లవైతే పనిచేస్తుంది. కానీ వెళ్లేముందు పీకకు," అని దంతవైద్యురాలు మొదలుపెట్టింది. కుదురూ, నలుపూ, నిద్రపోయే వెంట్రుకలూ, అమ్మ తెల్లవెంట్రుకల అలకా చెబుతూ చెబుతూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ కన్నీళ్లలో కొన్ని నవ్వువి కావు. సిస్టరుకి అది తెలుసు, ఆమె మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది.

కావున, వినువారలారా, దిగ్విజయభేరీలు మోగించుడు. కోటలు కూలలేదు, రాజ్యాలు మారలేదు, శత్రువులలో ఒక్కడైనా ఇంకా నేలరాలలేదు. అయినప్పటికీ దంతవైద్యకులతిలక, కందిన చుబుకంతో, పట్టపగలు, కిటికీ పక్కన కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నది.