అరగంట డేటా

కార్ఖానా రోడ్డులోని మోటారు పంపుల కంపెనీలో ఆర్థర్ పని కంప్యూటర్లు చూసుకోవడం. ఆ సోమవారం పొద్దున మెట్టుగూడ నుంచి బస్సులో వస్తూ అతను గట్టిగా ఒకటే అనుకున్నాడు. ఏం జరిగినా సరే, సరుకు వివరాలు తీసే పద్ధతి మారనివ్వకూడదు.

కంపెనీలో కొనుగోళ్లు, అమ్మకాలు, గోడౌను, బిల్లులు అన్నీ ఒకే పెద్ద సాఫ్ట్‌వేరులో నడుస్తాయి. అందరూ దాన్ని సిస్టమ్ అంటారు. అందులోకి డేటా ఎక్కించడం తేలిక, బయటికి తీయడమే తలనొప్పి. అందుకని రోజూ పొద్దున్నే ఆవరణ ఆ చివరున్న గోడౌను నుంచి దేవకృప వచ్చి, ఆర్థర్ పక్కన కూర్చుని, తెర మీది వివరాలు చదివేది. అతను ఎక్సెల్‌లో కొట్టేవాడు. సండే స్కూల్లో వాక్యం చదివినట్టు ఒక్కో వరుసా నింపాదిగా చదివి ఆగేది. ఆమె ఆగిన చోట ఆర్థర్ ప్రాణం కూడా ఆగేది.

ఆ అరగంట కోసమే అతను ఆఫీసుకు వస్తున్నాడు. సాయంత్రం బస్సు చిలకలగూడ దాటుతుంటే ఆమె ఇల్లు ఏ సందులో ఉంటుందోనని కిటికీలోంచి వెతికేవాడు. ఆఫీసుకు సెలవు కాబట్టి ఆదివారమంటే పడేది కాదు. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పుకోలేడు కదా. మనసులో మాట చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచినా బయటికి వచ్చింది "నెక్స్ట్" అన్న ముక్క ఒక్కటే.

మేనేజర్ రామభద్రరావు పోయినవారం ఏదో సెమినారుకు వెళ్లొచ్చి, పద్ధతి మార్చాలంటున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. సోమవారం ఆర్థర్ రాగానే పిలిచాడు.

"డేటా తీయడానికి మూడు దారులున్నాయటయ్యా ఆర్థర్. మనలా చదివి కొట్టుకోవడం ఒకటి. సిస్టమే ఫైలు తయారుచేసి ఇవ్వడం రెండోది. నేరుగా డేటాబేస్‌కి కనెక్షన్ ఇచ్చి లాగేసుకోవడం మూడోది. దానికైతే మనుషులే అక్కర్లేదట."

మనుషులే అక్కర్లేదన్న మాట ఆర్థర్ గుండెలో కలుక్కుమంది. "మూడోది ప్రమాదం సార్. సిస్టమ్ నెమ్మదిస్తుంది" అన్నాడు.

"ఎంత నెమ్మదిస్తుందో చూపించు."

ఆర్థర్ చూపించాడు. ఒక్కరోజు సరుకు అడగాల్సిన చోట కావాలనే కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్న సమస్తం అడిగాడు. అదీ బిల్లులు జోరుగా కొట్టే వేళ. సిస్టమ్ నెమ్మదించలేదు, కొయ్యబారిపోయింది.

బిల్లు రానిదే గేటు పాసు రాదు, పాసు లేనిదే లారీ కదలదు. కాసేపటికి లోపల చోటు చాలక లారీల వరుస గేటు బయట రోడ్డు దాకా పెరిగింది. డ్రైవరు తుకారాం లోపలికొచ్చాడు. "ఏంది సార్ ఈ పరేషాన్? నా ఎన్క సిటీ బస్సు ఆగింది. జెర కాయితం ఇయ్యున్రి."

రామభద్రరావు వైరస్ అనుకుని అన్నీ ఆపేయమన్నాడు. కంగారులో ఎవరో మెయిన్ స్విచ్చే కట్టేశారు. దాంతో ఫోన్లూ మూగబోయాయి. ఫోను కలవని హెడ్డాఫీసు వాళ్లు ఏదో అంటుకుందనుకుని ఫైరింజన్‌కు కబురు పెట్టారు. అదీ వచ్చింది గానీ, లారీలు అడ్డమై రోడ్డు మీదే గంట కొడుతూ నిలబడింది. ఇంత రభసలోనూ ఆర్థర్ చూపు పక్కనున్న ఖాళీ కుర్చీ మీదే ఉంది.

మధ్యాహ్నానికి సిస్టమ్ లేచింది. రామభద్రరావు దేవకృపను కూడా పిలిపించాడు.

"నువ్వన్నదే నిజం ఆర్థర్, మూడోది వద్దు. ఇక రెండోదే. ఏమ్మా దేవకృపా, ఆ ఫైలు తీయడం నేర్చుకోవాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

ఆమె తల వంచుకుంది. "నేర్చుకునుడు ఏం లేదు సార్. ఒక్క బటన్. పోయిన క్రిస్మస్ నుంచే వస్తది నాకు."

"మరి రోజూ ఇంత దూరం వచ్చి చదవడమెందుకు?"

ఆమె ఆర్థర్ వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకుంది.

ఇన్నాళ్లూ ఆ అరగంట కోసం తనొక్కడే తపిస్తున్నాడనుకున్నాడు ఆర్థర్. కాదని తెలిసిన రోజే అది చేజారిపోతోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"సరే, రేపట్నుంచి ఆ ఫైలు మెయిల్లో పంపించు. ఇటు రానక్కర్లేదు" అన్నాడు రామభద్రరావు.

"మెయిల్ల పోదు సార్, ఫైలు శానా పెద్దగుంటది" అంది దేవకృప నిదానంగా. "పెన్‌డ్రైవ్‌ల నేనే తెస్తా."

"అవునా ఆర్థర్?"

ఆర్థర్ నోరు తెరిచాడు. ఈసారి "నెక్స్ట్" రాలేదు.

"అవును సార్. తెచ్చాక పక్కన కూర్చుని సరిచూడాలి కూడా. ఒక అరగంట పడుతుంది."

ఇద్దరి బాధ్యతనూ రామభద్రరావు మెచ్చుకున్నాడు. ఆ ఫైలు మెయిల్లో వచ్చే పండగ గ్రీటింగు కంటే చిన్నది.