స్వదేశీ నడుము, విదేశీ నడుము

మనిషి వెన్నెముకలు రెండు రకాలు: స్వదేశీ, విదేశీ. ఈ సంగతి వైద్యశాస్త్రానికి ఇంకా అంతుపట్టలేదు గానీ విమానయాన సంస్థకు ఎప్పుడో తెలుసు. స్వదేశీ వెన్నెముక నిటారుగా ఉండటానికే పుట్టింది. దేశం లోపల ఎంతసేపు ఎగిరినా దానికి అలుపు రాదు. అదే వెన్నెముక సరిహద్దు దాటిందా, ఉన్నట్టుండి సుకుమారమైపోతుంది. దానికి పరుపు కావాలి, దుప్పటి కావాలి, తల కింద ఒక దిండు, మోకాళ్ల కింద ఇంకో దిండు కావాలి. ఈ మార్పు ఏ నరం దగ్గర మొదలవుతుందో నాకు తెలియదు. వాళ్లను అడిగితే మ్యాపు తీసి చూపిస్తారు.

ఇదంతా నేను తీరిగ్గా కూర్చుని కనిపెట్టింది కాదు. మా పిన్ని నడుము పుణ్యమా అని తెలిసింది.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. ఊళ్లో సగం బడులకు యూనిఫారాలు కుట్టిన మనిషి. ఏళ్ల తరబడి మిషను మీదికి వంగి వంగి, ఆఖరికి వెన్నులో రెండు పూసలు పక్కకు జరిగాయి. జరిగినవి ఊరుకోక ఎడమ కాలికి వెళ్లే నరం మీద కూర్చున్నాయి. వాటిని లేపగల డాక్టరు వేరే దేశంలో ఉన్నాడు. స్కానింగులు చూసి ఆయన ఫోనులో చెప్పింది ఒకటే మాట.

"ఆవిడను పడుకోబెట్టి తీసుకురండి. గంటల తరబడి కూర్చోబెట్టారంటే ఆ నరం చచ్చిపోతుంది. తర్వాత నేను ఎంత బాగా కోసి కుట్టినా ఆ కాలు తిరిగి రాదు."

"కుట్టడం గురించి నాకు చెబుతాడేంట్రా ఈయన?" అంది పిన్ని. అన్నదే గానీ, ఆ రోజు నుంచి పడుకునే ముందు ఎడమ కాలి వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకోవడం మొదలుపెట్టింది. బొటనవేలు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేది. మిషను తొక్కాలంటే ఆ కాలు కావాలి కదా.

అందుకని రత్న తరగతి టికెట్లు కొన్నాం. విమానంలో తెరకు ముందు భాగాన్ని ఆ సంస్థ రత్న తరగతి అంటుంది. (తెరకు వెనక భాగానికి పేరు లేదు. జనం అంటారు.) ధర మాత్రం చెప్పను. చెబితే మీరు కథ వదిలేసి నన్ను తిట్టడం మొదలుపెడతారు. ప్రయాణం రెండు అంచెలు. మా ఊరి నుంచి రాజధానికి మూడు గంటలు, అక్కణ్ణుంచి పరాయి దేశానికి పది. రెండు అంచెలకూ ఒకటే టికెట్టు, ఒకటే పేరు, మీద ఒకటే బంగారు రంగు రత్నం బొమ్మ. పేరు ఒకటే కాబట్టి సరుకు కూడా ఒకటే అనుకున్నాను.

ఇంటికొచ్చి ఫోనులో చూద్దును కదా, రెండో అంచెకు మంచం బొమ్మ ఉంది, మొదటి అంచెకు కుర్చీ బొమ్మ ఉంది. మర్నాడు పొద్దున్నే సంస్థ కార్యాలయానికి వెళ్లాను. ఇలాంటి సందేహాల కోసం అక్కడ సౌఖ్య సమన్వయాధికారి అని ఒకాయన ఉంటాడు. ఆయన వెనక్కి వాలే తోలు కుర్చీలో ఉన్నాడు. ఎదుటివాళ్లకు వీపు ఆనని స్టూలు వేశారు. (వచ్చినవాడికి కష్టం ఏమిటో కూర్చోగానే గుర్తు రావాలని కాబోలు.)

"మొదటి అంచెలో మంచం లేదేంటండీ?"

"అది రత్న తరగతే కదండీ."

"రెండో అంచెలో ఉంది మరి."

"అదీ రత్న తరగతేనండి."

"మరి తేడా ఏంటి?"

"తేడా ఏముందండీ! అది స్వదేశీ సౌఖ్యం, ఇది విదేశీ సౌఖ్యం. మా దృష్టిలో రెండూ సమానమే. ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వం, అంతే."

అని, ఎంతో ఓపిగ్గా రెండింటినీ పోల్చి చెప్పాడు. విదేశీ రత్నంలో దుప్పటి పాదాల దాకా వస్తుంది, స్వదేశీ రత్నంలో మోకాళ్ల దాకా. స్వదేశంలో ఎవరికీ పాదాలకు చలి వేయదని సంస్థ సర్వే చేయించిందట. విదేశీ రత్నంలో మొహం తుడుచుకోవడానికి వేడివేడి తువ్వాలు చేతికిస్తారు. స్వదేశీ రత్నంలో పొడి తువ్వాలు చూపించి తీసుకెళ్తారు. అక్కడ ప్రయాణికుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, ఇక్కడ సీటు అంకె పెట్టి పిలుస్తారు. అక్కడ కుర్చీ మంచమవుతుంది. ఇక్కడ పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

"ఖాళీగా ఉంటే?"

"అదేనండీ సౌఖ్యం. పక్కన ఎవరూ ఉండరు. అటువైపు మోచేయి పెట్టుకోవచ్చు."

"మా పిన్నికి మోచేయి బాగానే ఉందండీ. జబ్బు నడుముకు."

"మోచేయి బాగుందా, అదృష్టవంతురాలు," అన్నాడాయన మనస్ఫూర్తిగా.

నేను వదల్లేదు. ఎలాగూ పక్క సీటు ఖాళీయే కదా, రెండు సీట్ల మధ్యనున్న కుర్చీ చెయ్యి పైకెత్తేసి ఆవిడను వాల్చి పడుకోబెడతానన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"ఖాళీ సీటు ఖాళీగా ఉండాలండి. దాని మీద తల పెట్టాక అది ఖాళీ సీటు ఎలా అవుతుంది?"

"పోనీ నేను పక్కన కూర్చుని పట్టుకుంటాను."

"పక్కన మనిషి లేకపోవడమే కదండీ రత్న తరగతి! మనిషి కావాలంటే వెనక తీసుకోండి. అక్కడ రెండు పక్కలా ఇస్తాం."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. లేచి వచ్చేస్తుంటే ఆయనకే ఏమనిపించిందో, గొంతు తగ్గించి, "మంగళవారం పెద్ద విమానం వస్తుంది. అదే రాజధానిలో కాసేపు ఆగి విదేశానికి పోతుంది. దాంట్లో మొదటి అంచె నుంచే మంచాలు ఉంటాయి," అన్నాడు. నాకు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. టికెట్లు మంగళవారానికి మార్పించుకుని, ఇంటికి వెళ్లి పిన్నితో గొప్పగా చెప్పుకున్నాను.

మంగళవారం చక్రాల కుర్చీలో పిన్నిని విమానం లోపలికి తీసుకెళ్లాం. సౌఖ్యాధికారి అబద్ధం చెప్పలేదు, మంచాలు ఉన్నాయి. మడిచి, కుర్చీలాగా నిలబెట్టి ఉన్నాయి. మంచం పరిచే మీట మీద చిన్న ఇనప మూత, ఆ మూతకు తాళం. దాని పైన చీటీ అంటించి ఉంది: 'స్వదేశంలో నిటారుగా ఉంచవలెను.' పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

"ఇది రాజధాని దాటాక తెరుస్తామండీ," అంది ఎయిర్ హోస్టెస్. నవ్వుమొహం పిల్ల.

"మంచం ఇక్కడే ఉంది. నడుం ఇక్కడే ఉంది. ఇప్పుడే తెరిస్తే ఏం పోతుందమ్మా?" అన్నాను.

"చిన్న విమానంలో వెళ్లే స్వదేశీ రత్నం వాళ్లకు మంచం ఉండదు కదండీ. మీకు ఇస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. ఎవరికీ ఇవ్వకపోతే అందరూ సమానం."

పడుకోబెట్టి తీసుకురమ్మన్న మాటే డాక్టరు చేత రాయించి తెప్పించుకున్న చీటీ తీసి ఇచ్చాను. ఆ పిల్ల మొదటి నుంచి చివరిదాకా చదివింది, మొహంలో నవ్వు పోయింది. చీటీ పట్టుకుని తన పైవాళ్ల దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చి తల దించుకుని చెప్పింది.

"ఇది విదేశీ డాక్టరు రాసిన చీటీ అంటండీ. విదేశీ అంచెలోనే చెల్లుతుందంట."

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని అంటారు గానీ, పూజారి వరానికి తాళం కూడా వేస్తాడని ఎవరూ చెప్పలేదు. నేను అరుస్తుంటే పిన్ని నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఊరుకోరా. ఆ పిల్లేం చేస్తుంది? మూడు గంటలే కదా, ఓర్చుకుంటాను," అని, మాట మార్చడానికి తెర వైపు చూపించింది. "ఆ తెర కుట్టినవాడెవడో గానీ, వాడికి అంచు మడవడమే రాదు. ఇంత గొప్ప తరగతికి ఆ కుట్టు ఏంట్రా?"

పిన్ని పక్క సీటు ఖాళీగా ఉంచి, నన్ను నడవాకు అటువైపు కూర్చోబెట్టారు. విమానం లేచింది. గంట గడిచేసరికి పిన్ని జోకులు ఆగిపోయాయి. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని, బరువంతా చేతుల మీద వేసి, కళ్లు మూసుకుంది.

అంతలో పైలట్ గొంతు వినిపించింది. దారిలో మేఘాలున్నాయి, సముద్రం మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాం అన్నాడు. వినగానే హోస్టెస్ పిల్ల కిటికీ దగ్గరికి పోయి కిందకి తొంగి చూసి, నిబంధనల పుస్తకం తిరగేసి, పరుగున వచ్చింది.

"అమ్మా! ఇంకాస్త లోపలికి పోతే మన దేశం దాటినట్టే. సముద్రం మీద ఉన్నంతసేపూ విదేశీ సౌఖ్యమే!"

తీరం బాగా వెనకబడగానే తాళం తీసింది. మంచం పరుచుకుంది. దుప్పటి పాదాల దాకా వచ్చింది. వేడి తువ్వాలు వచ్చింది. పిన్నిని పేరు పెట్టి, చివర 'గారు' అని కూడా పిలిచారు. పిన్ని వీపు పరుపుకు ఆనించి, "అమ్మయ్య..." అంది. ఆ ఒక్క మాట కోసం సముద్రాన్ని కనిపెట్టినవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కాసేపటికి పిల్ల మళ్లీ వచ్చింది.

"అమ్మా, ఒడ్డు వస్తోందమ్మా. లేవాలి."

"ఇప్పుడే కదమ్మా పడుకున్నాను?"

"తెలుసమ్మా. కానీ దేశం వచ్చేసింది."

లేపాం. లేపుతుంటే పిన్ని నోట్లోంచి వచ్చిన శబ్దం నేను ఇంతకు ముందెప్పుడూ వినలేదు. మా ఖర్మ కొద్దీ ఆ తీరం ఒక తీరుగా లేదు, మొండి కత్తెరతో కోసిన గుడ్డ అంచులా వంకరటింకరగా ఉంది. భూమి రాగానే కుర్చీ. సముద్రం రాగానే మంచం. మళ్లీ భూమి. ఒకసారి చిన్న దీవి ఒకటి అడ్డొచ్చింది. అందులో కొంగలు తప్ప మనుషులు ఉండరట, కానీ దేశానిదే కాబట్టి దాని మీదుగా పోయినంతసేపూ కూర్చోవలసి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా లేపినప్పుడల్లా ఆ పూసలు ఆ నరాన్నే నొక్కాయి.

మళ్లీ సముద్రం వచ్చింది. హోస్టెస్ తాళంచెవి తీయబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. పడుకోబెట్టి లేపడం కన్నా అసలు పడుకోబెట్టకపోవడమే నయం." తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఒరేయ్, నా వేళ్లు కదులుతున్నాయేమో చూడరా. నాకు తెలియట్లేదు."

నేను నడవాలో మోకాళ్ల మీద కూర్చుని పిన్ని మేజోడు తీశాను. చిన్న వేళ్లు కొంచెం కొంచెంగా కదులుతున్నాయి. బొటనవేలు కదలడం లేదు. నాకు భయం వేసింది.

"కదులుతున్నాయి పిన్నీ," అన్నాను.

"సార్, నడవాలో కూర్చోకూడదండీ," అంటూ వచ్చిన హోస్టెస్ పిల్ల ఆ కాలు చూసి, తనూ నా పక్కనే కూర్చుండిపోయింది. చాలాసేపు ఇద్దరం ఆ పాదాన్ని రుద్దుతూనే ఉన్నాం. పక్కనున్న ఖాళీ సీటు నిబంధనల ప్రకారం ఖాళీగానే ఉంది.

రాజధానిలో విమానం ఆగింది. మమ్మల్ని దించలేదు. అదే విమానం, అదే సీటు. ఒక ఉద్యోగి వచ్చి తాళాలన్నీ తీసి, చీటీలు పీకేసి, సంచిలో వేసుకుని పోయాడు. ఇక అక్కణ్ణుంచి మర్యాదే మర్యాద. మంచం, రెండు దిండ్లు, పాదాల దాకా దుప్పటి, పేరు, గారు. మెత్తటి చెప్పుల జత ఒకటి తెచ్చి పిన్ని రెండు కాళ్లకూ తొడిగారు.

"ఎడమది వేశారా?" అని అడిగింది పిన్ని.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు పూసలను ఎక్కడివి అక్కడ పెట్టాడు. ఇన్నేళ్లకు పిన్ని నిటారుగా నిలబడింది. కాలి సంగతి అడిగితే ఆయన, "నేను పడుకోబెట్టి తీసుకురమ్మన్నాను కదా, ఎక్కడ కూర్చోబెట్టారు?" అన్నాడు. "స్వదేశంలోనండి," అన్నాను. ఆయన తన భాషలో ఏదో అన్నాడు. నర్సు దాన్ని మాకు అనువదించి చెప్పలేదు.

ఇప్పుడు పిన్ని ఎడమ పాదం ఈడ్చుకుంటూ నడుస్తుంది. మిషను కుడికాలితో తొక్కడం నేర్చుకుంటోంది. కుట్టు వంకర పోయినప్పుడల్లా, "ఇదిగో, రత్న తరగతి కుట్టు," అని విప్పేసి మళ్లీ మొదలుపెడుతుంది.

నేను సంస్థకు ఫిర్యాదు రాశాను. వాళ్లు తేలిగ్గా తీసుకోలేదు. ముగ్గురు సభ్యులతో సంఘం వేసి, మ్యాపు ముందు పెట్టుకుని విచారించి, జవాబు పంపారు. ప్రయాణికురాలి బొటనవేలు దేశ సరిహద్దుల లోపలే స్పర్శ కోల్పోయినట్టు నిర్ధారణ అయినది. కావున విదేశీ నష్టపరిహారం వర్తించదు. స్వదేశీ నష్టపరిహారం వర్తించును. మీ తదుపరి ప్రయాణమున మీ పక్క సీటు ఖాళీగా ఉంచబడును.

ఆరు నెలలకు డాక్టరు మళ్లీ రమ్మన్నాడు. ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను. ఈసారి చిన్న విమానం. పోరగా పోరగా పిన్నికి నా పక్క సీటే ఇచ్చారు. బయలుదేరే రోజు పొద్దున పిన్ని పెట్టె సర్దుకుంది, చీర మార్చుకుంది, గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగి తన కుడి పాదం వైపు చూసుకుంది.

"నావల్ల కాదురా. స్కానింగులు నువ్వే పట్టుకెళ్లి చూపించు. ఈ ఒక్క కాలైనా మిగలనీ," అని వెనక్కి తిరిగింది.

ఒక్కణ్ణే వెళ్లాను. ఎవరినీ ఊరికే ఆడిపోసుకోకూడదు. సంస్థ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది, దారి పొడుగునా నా పక్క సీటు ఖాళీగానే ఉంది.