పచ్చ పావురాలు

మా ఊరి చరిత్రలో నిలిచిపోదగ్గ ప్రకటన మొన్న సెప్టెంబరులో వెలువడింది. "మేయరు పఖుత గారు స్వహస్తాలతో అడవిలో ఏరి తెచ్చిన పుట్టగొడుగుల సూప్. ఆదివారం చర్చి ప్రార్థన కాగానే, చౌరస్తాలో. ప్రజలందరూ ఆహ్వానితులే, ప్రతిపక్షం కూడా."

ప్రతిపక్షమంటే మా పక్కింటి ప్రొఫెసర్ డెరెన్ గారు. జన్మంతా పుట్టగొడుగుల మీదే పరిశోధన చేసిన శాస్త్రవేత్త. మా పోలండ్‌లో తన బుట్టలో విషం ఉందంటే ఎవడూ ఒప్పుకోడు. అయినా ఊరంతా ఆయనకి చూపించాకే పొయ్యి వెలిగించేది. అంత మంచి పేరున్న మనిషికి ప్రజాసేవ చెయ్యాలన్న బుద్ధి పుట్టి, మేయరు మీద పోటీకి నిలబడ్డారు. మర్నాటి నుంచి ఆయన చెప్పే శాస్త్రం అభిప్రాయమైపోయింది.

"పారెయ్యమంటారా? నేను మేయరు మనిషిననేగా ఈ కక్ష?" అంది ఎదురింటి హలీనా, బుట్ట లాక్కుంటూ.

ఆయన ఎన్నికల ప్రచారం చూసుకునే ఇరెనా తల పట్టుకుంది. "సార్, ఓట్లు పడేదాకా విషం అనకండి. చర్చనీయాంశం అనండి."

"తిన్నాక చర్చించడానికి మనిషి మిగలాలి కదమ్మా."

ఆదివారం చౌరస్తాలో పెద్ద గుండిగ ఉడుకుతోంది. ఫొటోల కోసం పక్కనే ఒక బుట్ట మిగిల్చారు. అందులో పచ్చ టోపీల పుట్టగొడుగులు. మేం వాటిని పావురాలంటాం, బహు రుచి. మేయరు గారు దంతపు పిడి కత్తితో కాడలు పైకంటా కోశారు కాబట్టి చూపులకి ఎంతో ముచ్చటగా ఉన్నాయి.

ప్రొఫెసర్ గారు ఒకటి తీసి వంచారు. ఆయన మొహం పాలిపోయింది.

"పావురమైతే సుద్దముక్కలా పుటుక్కున విరగాలి. ఇది వంగుతోంది. విషజాతికి కాడ అడుగున ఉండే సంచీ కోతలో అడవిలోనే ఉండిపోయింది. ఇది చంపేస్తుంది. ఎవరూ తినకండి."

"విన్నారా? నా సూప్ కూడా ఓర్వలేడు," అన్నారు మేయరు. జనం నవ్వారు. హలీనా పిల్లలిద్దరూ గిన్నెలతో వరసలో ముందున్నారు.

ప్రొఫెసర్ గారు ఆ పిల్లల వంక చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"మిత్రులారా, ఇందాక అన్నది రాజకీయం. ఈ సూప్ అమృతం. మా పార్టీ పూచీ. మొదటి గిన్నె మేయరు గారే తాగాలని నా మనవి."

మేయరు గారి గరిటె గాల్లోనే ఆగింది. ముందు నువ్వు తాగమన్నట్టు తన డ్రైవరు వంక చూశారు. డ్రైవరుకి అప్పుడే కడుపునొప్పి మొదలైంది.

"వీడు మెచ్చుకున్నాడంటే ఇందులో ఏదో ఉంది. పారబోయండి," అన్నారు మేయరు. గుండిగంతా కాలవలోకి పోయింది.

ప్రతిపక్షం కుట్ర నుంచి ప్రజల్ని కాపాడినందుకు పఖుత గారు భారీ మెజారిటీతో గెలిచారు. హలీనా కూడా ఆయనకే వేసింది.

పోయిన వారం మేయరు గారు మా పెరటి దారిన, ఒక్కరే, బుట్టతో ప్రొఫెసర్ గారింటికి వచ్చారు.

"ఈసారి కొయ్యలేదు ప్రొఫెసర్ గారూ, మొదలంటా పెకలించి తెచ్చాను. ఒక్కసారి చూసి పెట్టండి."

ప్రొఫెసర్ గారు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఒకటి పుటుక్కున విరిచారు.

"బాగున్నాయి."

మేయరు గారు నుదురు తుడుచుకున్నారు. "నిజంగా బాగున్నాయా? లేక ఆ రోజు బాగున్నట్టా?"

"బాగున్నాయండీ."

మేయరు గారు బుట్టలోకి ఒకసారి, ప్రొఫెసర్ గారి మొహంలోకి ఒకసారి చూశారు. బుట్ట మెట్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ప్రొఫెసర్ గారూ నేనూ వాటిని వెన్నలో వేయించుకుని తిన్నాం. చాలా బాగున్నాయి.