వార్డు కుర్చీ కొరకు జరిగిన ఘోర సంగ్రామము

సూర్యభగవానుడు నడినెత్తికెక్కగా, ఫినాయిలు గంధము దిగంతముల వ్యాపింపగా, సెలైను సీసాలు బొట్టుబొట్టుగా కాలమును కొలుచుచుండగా, రోగి పడకల నడుమ తిరుగాడు నర్సులకు ఏళ్లతరబడి పెట్టనికోటయై నిలిచిన యూనియన్ కార్యదర్శిని, సర్వజన సంబోధిత 'పెద్దక్క', తెల్లబూట్ల లేసులు బిగించి యుద్ధమునకు బయలుదేరెను.

చేతితొడుగుల సమరమున గెలిచినదామె. డ్యూటీ దిగినవారిని ఇల్లు చేర్చు వ్యాను కొరకు పోరి గెలిచినదామె. నేటి లక్ష్యము అంతకన్న దుర్లభము: వార్డులో ఒక కుర్చీ. కూర్చున్న నర్సు కునుకు తీయును గావున వార్డులో నర్సుకు కుర్చీ కూడదని ఆ ఆసుపత్రి పుట్టిననాటి శాసనము. ఏడవ నెల గర్భిణియగు చిన్న నర్సు పాదములు దిండ్లవలె ఉబ్బెను.

"ఇక నా వల్ల కాదక్కా, మానేస్తా," అని ఉదయమే చెప్పినది.

"సాయంత్రం దాకా ఆగవే తల్లీ," అనెను పెద్దక్క.

ఐసీయూ నర్సును సేనగా వెంటగొని ఆమె ఆసుపత్రి సూపరింటెండెంటు గది చొరగానే, మర్యాదాధనుడగు అతడు లేచి నిలిచెను.

"రండి, కూర్చోండమ్మా."

"మా పిల్ల వార్డులో కూర్చున్నాక కూర్చుంటాం సార్."

"ఆడవాళ్లు నిలబడి ఉంటే నేను కూర్చోను. మా ఇంటి పద్ధతి."

"మంచి పద్ధతి సార్. అలాగే కానివ్వండి."

తానాడిన ఆ పద్ధతి మాటయే తన కొంప ముంచునని అతడెరుగడు. యుద్ధము మొదలయ్యెను.

"కుర్చీ వేస్తే పేషెంట్ల చుట్టాలు కూర్చుంటారు."

"చుట్టాల సంగతి మేం చూసుకుంటాం."

"మీవాళ్లు నిద్రపోతారు."

"మీరు రోజంతా కుర్చీలోనే ఉంటారు కదా సార్," అని ఐసీయూ నర్సు శరము సంధించెను, "నిద్రొస్తుందా?"

అతడు బల్లకానెను, పిదప బీరువాకానెను, విరహి ప్రియురాలిని చూచునట్లు చక్రములపై దొర్లు తన ఆఫీసు కుర్చీవైపు చూచెను. నర్సులిద్దరును బరువును ఒక మడమ నుండి మరొక మడమకు రహస్యముగా మార్చు విద్యయందు ఆరితేరినవారు. అయినను పెద్దక్క ఎడమ మోకాలు లోలోన ఆర్తనాదము చేయుచుండెను. ఒక్క క్షణము ఆమె చేయి ఎదుటి కుర్చీ వీపును తాకెను. చిన్న నర్సు ఉబ్బిన పాదములు కనులలో మెదలగా, చేయి వెనుకకు తీసికొనెను.

"మీకు కాళ్లు నొప్పెట్టవామ్మా?" అని సూపరింటెండెంటు దీనముగా అడిగెను.

"పెడతాయి సార్. రోజూ."

అతడు ఆమె తెల్లబూట్లవైపు చూచెను.

"ఒక్క కుర్చీ ఇస్తాను. దానికి చేతులుండవు."

"వీపు ఆనుకోడానికి ఉంటుందా?"

"ఉంటుంది."

"పంపించండి."

అట్లు ఆ గది మూలనున్న ప్లాస్టిక్ కుర్చీయొకటి అటెండరు శిరమునెక్కి, నడవల మీదుగా ఊరేగి వార్డు చేరెను. పెద్దక్క ఫోను మ్రోగెను. "కూర్చున్నానక్కా," అని చిన్న నర్సు గొంతు. "రేపు కూడా ఉంటుందా ఇది?"

"ఉంటుంది. ఎవడన్నా ముట్టుకుంటే నాకు చెప్పు."

అప్పుడు గదిలో మువ్వురును ఒక్కసారిగా కూలబడిరి. అవతల వార్డులో కిటికీ పక్క పడక రోగి దాహమని పిలువగా చిన్న నర్సు వెంటనే లేచెను. లేచిననేమి! లోకులారా, వినుడు: ఆ ఆసుపత్రి చరిత్రలో మొట్టమొదటిసారిగా, డ్యూటీలోనున్న నర్సు ఒకతె, పట్టపగలు, అందరు చూచుచుండగా, కాసేపు కూర్చొనెను.