మిరపకాయకు మళ్ళీ ఓనమాలు

మిరపకాయ అనే అమ్మాయి ఈ శనివారం జీవితంలో తొలిసారిగా 'అ' దిద్దిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కిందటి శనివారం కూడా తొలిసారిగానే దిద్దింది.

చెత్త ఏరుకునే పిల్లలకు నాలుగు ముక్కలు నేర్పి పెద్ద బడిలో చేర్పించడానికి టైర్ల కొట్టు మీద రేకుల గదిలో వెలసినది వారధి బడి. వారం వారం ఎవరో ఒక దాత కోటు వేసుకుని వస్తారు. ఒక పాప చెయ్యి పట్టుకుని తొలి అక్షరం దిద్దించి, ఫొటో దిగి, కళ్ళు తుడుచుకుని వెళతారు. అది ఆనవాయితీ. దాతలు ఎక్కువై, అక్షరం రాని పిల్లలు తక్కువైపోవడంతో మిరపకాయను ఆ పదవిలో నియమించారు. నిజానికి అది పేపరు గడగడా చదువుతుంది. బడి కార్యదర్శి గారి మాట కాదనలేక టీచరమ్మే దానికి చెయ్యి వణికించడం నేర్పింది. ఆ పాఠం బాగా వంటబట్టింది.

"కోటు కనబడితే నీకేం రాదు. గుర్తుందిగా?" అనేది టీచరమ్మ.

"నాకెందుకు రాదు? మొన్నటాయనకే బలపం పట్టుకోవడం రాలేదు. నేనే సర్దాను."

ఇంతలో పెద్ద బడిలో పేద పిల్లల కోసం ఉంచే సీటు ఒకటి ఖాళీ అయింది. "ఈ పువ్వును మన తోటలో ఇంకొన్నాళ్ళు మొగ్గగానే ఉంచుదాం!" అని కార్యదర్శి గారు ఉపన్యసించారు. ఈసారి చేరకపోతే, పెంచుతున్న మేనత్త మిరపకాయ భుజాన మళ్ళీ చెత్త ఏరే గోనెసంచి వేస్తుంది. ఆ దిగులుతో టీచరమ్మకు అన్నం సహించలేదు. ఎవరికీ చెప్పకుండా పిల్లను వెంటబెట్టుకుని పెద్ద బడికి వెళ్ళింది.

హెడ్మాస్టరు గారు కోటులో ఉన్నారు. పక్కన ఫొటోగ్రాఫరు. "నీకు వచ్చింది రాయమ్మా," అని ఆయన పలక ఇచ్చారు. మిరపకాయ కోటు చూసింది, కెమెరా చూసింది. కళ్ళు పెద్దవి చేసి, పట్టుకుని దిద్దించమన్నట్టు చెయ్యి వణికిస్తూ ఆయన ముందుకు చాపింది.

"ఏమీ రాని పిల్లను ఎలా చేర్చుకుంటామమ్మా?" అన్నారాయన.

టీచరమ్మ పిల్ల చెవి దగ్గరికి వంగింది. "నా తల్లీ, ఇది ఉత్తుత్తిది కాదే! నిజం పరీక్ష!"

"ముందే చెప్పొద్దూ!" అని విసుక్కుని, మిరపకాయ బల్ల మీది పేపరు లాక్కుంది. అందులో పడిన హెడ్మాస్టరు గారి ఉపన్యాసాన్ని గుక్క తిప్పుకోకుండా చదివి, రెండు తప్పులు కూడా పట్టింది.

ఆయన ముఖం ముడుచుకుంది. "ఇంత చదువొచ్చిన పిల్లకు మా సాయమెందుకు? ఈ సీటు అభాగ్యులదమ్మా!"

రెండు తీర్పులూ న్యాయమైనవే కాబట్టి ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

దారి పొడవునా టీచరమ్మ ఏడుస్తూనే ఉంది. చెడగొట్టింది తానేనని ఆమెకు తెలుసు.

"ఊరుకో టీచరమ్మా," అంది మిరపకాయ. "శనివారం ఇంకా బాగా వణికిస్తాలే."

సోమవారం మేనత్త గోనెసంచి చేతికిచ్చింది. శనివారాలు మాత్రం సెలవు. వచ్చే శనివారానికి ఇంకా దాత కుదరలేదు కనుక ఆసక్తిగల పాఠకులు సంప్రదించవచ్చు. పలకా బలపం మేమే ఇస్తాం. కళ్ళు తుడుచుకునే రుమాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.