కిటికీలో కనిపించని కొండలు

ఆ ఊళ్లో కొండలు లేవు. చుట్టుపక్కల కూడా లేవు. అయినా ప్రకృతి దృశ్యం గీయమంటే చాలు, బడిపిల్లలందరూ రెండు కొండలు, వాటి మధ్య నవ్వుతూ లేచే సూర్యుడు, వంకర తిరిగే ఏరు, ఒడ్డున ఒక గుడిసె, పైన నాలుగు కాకులు గీసేవారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు తరతరాలకు ప్రసాదించిన విద్య అది. డాక్టరు, ఇంజనీరు, హెడ్మాస్టరు, అందరూ ఆ కొండల నీడలో పెరిగినవాళ్లే.

ఇంత చక్కటి వ్యవస్థలోకి కొత్త డ్రాయింగు టీచరమ్మ వచ్చిపడింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, బడి కమిటీ తలూపాలి. అలాంటి మనిషి నోరు మూసుకుని కొండలు గీయించుకోవాలా, వద్దా? ఆమె పిల్లల్ని కిటికీల దగ్గర నిలబెట్టి, కనిపించిందే గీయమంది. చూడకుండా గీయడమే కదండీ డ్రాయింగు అని ఒకడు అడిగాడు కూడా. అయినా పెద్దల మాట కాదనలేక అందరూ చూశారు. నీళ్ల ట్యాంకు, చిక్కుపడ్డ కరెంటు తీగలు, పిట్టగోడ మీద ఆరేసిన ఎవరిదో బనీను గీశారు. ఒక పిల్ల ఎదురుగదిలో నోరు తెరిచి నిద్రపోతున్న హెడ్మాస్టరుగారిని, బల్ల మీది పళ్లసెట్టుతో సహా గీసింది. ఒక్క పిల్లయినా కళ్లు తెరిచిందని టీచరమ్మ పొంగిపోయి, ఆ బొమ్మను నోటీసు బోర్డుకు తగిలించింది. బతకనేర్చినవాళ్లు చేసే పని కాదని వేరే చెప్పాలా.

ఊరు భగ్గుమంది. తన బిడ్డ గీసిన సూర్యుడికి ముక్కూ నోరూ లేవని ఒక తల్లి కంటతడి పెట్టుకుంది. కాకుల్లేని ఆకాశం కింద రేపటి పౌరులు ఎలా ఎదుగుతారని ఇంజనీరుగారు నిలదీశారు. డాక్టరుగారు పిల్లల కళ్లు పరీక్షించి, ఉన్నవి ఉన్నట్టు కనబడటం జబ్బేననీ, మొదట్లోనే పట్టుకున్నాం కాబట్టి నయమవుతుందనీ ధైర్యం చెప్పారు.

కమిటీ కొలువుతీరింది. హెడ్మాస్టరుగారు తన బొమ్మను పైకెత్తి, గొంతు సవరించుకున్నారు.

"నేను నిద్రపోవడం సంగతి అలా ఉంచండి. పళ్లసెట్టు కూడా అచ్చం నాదే, కాదనను. కానీ అమ్మా, నా వెనక కొండలేవీ?"

"అక్కడ కొండల్లేవండీ. బీరువా ఉంది" అంది టీచరమ్మ, భయపడుతూనే.

"లేవని మాకూ తెలుసు. ఆ మాట చెప్పడానికి జీతమిచ్చి టీచరెందుకమ్మా?"

కమిటీది పెద్ద మనసు. అక్కడికక్కడే నల్లబల్ల మీద ఒక ప్రకృతి దృశ్యం గీసి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. పోతే పోనీ, ట్యాంకే గీస్తానని టీచరమ్మ మనసులో ఒట్టు పెట్టుకుంది. సుద్దముక్క పట్టుకుని, ధైర్యం కూడగట్టుకోవడానికి కాసేపు కళ్లు మూసుకుంది. చేయి మాత్రం ఆగలేదు.

కళ్లు తెరిచేసరికి నల్లబల్ల మీద రెండు కొండలున్నాయి. మధ్యలో సూర్యుడు నవ్వుతున్నాడు. ఏరు వంకర తిరిగింది, గుడిసె లేచింది. ఆమె కూడా చిన్నప్పుడు ఎవరో ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్న మనిషే కదా. కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఉద్యోగం ఖాయమైంది. టీచరమ్మకు ఏడుపొచ్చింది. అవి ఆనందబాష్పాలని కమిటీ నమోదు చేసింది.

ఆమెను చూసి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక మనవి. చేతికందిన కాగితం మీద, ఆలోచించకుండా, ఒక ప్రకృతి దృశ్యం గీయండి. మేం తొంగిచూడం. కాకులు మాత్రం మరిచిపోకండి.